కథలో మనిషి మన ఇంటికి వస్తే

టీవీలో సీరియల్ వస్తోంది. తెర మీద ఒక కోడలు ఏడుస్తోంది. ఇంట్లో కూర్చుని చూస్తున్న ఆడవాళ్ళు కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నారు. "పాపం, ఆ పిల్లకు ఎన్ని కష్టాలో!" అంటున్నారు.

ఆ పిల్ల నిజంగా లేదు. ఆ అత్త లేదు. ఆ ఇల్లు కూడా లేదు. షూటింగు కోసం వేసిన సెట్టు అది. ఈ సంగతి చూసేవాళ్ళందరికీ తెలుసు. అయినా కన్నీళ్ళు ఆగవు.

దీన్ని చూసి కొందరు మగవాళ్ళు నవ్వుతారు. "ఆడవాళ్ళకు ఏడవటానికి ఏదో ఒకటి కావాలి" అంటారు. కానీ అదే మగవాళ్ళు సినిమా హాల్లో హీరో కొడుతుంటే ఈలలు వేస్తారు. బయటికి వచ్చాక ఆ హీరోలాగే కాలరు ఎగరేసి నడుస్తారు. హీరో జుట్టు ఎట్లా ఉంటే మంగలి షాపులో అట్లాగే కత్తిరించమంటారు. కథలో మనుషులు అందరినీ పట్టుకుంటారు. ఆడా మగా తేడా లేదు. చదువు వచ్చినవాళ్ళు, రానివాళ్ళు అనే తేడా కూడా లేదు.

లేని మనిషి కోసం మనం ఏడుస్తాం. లేని మనిషిని చూసి ధైర్యం తెచ్చుకుంటాం. లేని మనిషితో మనల్ని మనం పోల్చుకుని చిన్నబోతాం కూడా. ఇది ఎట్లా జరుగుతుంది?

నాటకం చూసిన పిల్లవాడు

గుజరాత్‌లో రాజ్‌కోట అనే ఊరు ఉంది. నూట నలభై ఏళ్ళకు పైబడిన మాట. ఆ ఊరికి ఒక నాటకాల కంపెనీ వచ్చింది. హరిశ్చంద్ర నాటకం ఆడింది. ఒక పిల్లవాడు తండ్రిని అడిగి ఆ నాటకం చూశాడు. ఇంటికి వచ్చినా ఆ నాటకం అతని తలలోనే ఉండిపోయింది. మనసులో ఆ నాటకాన్ని తనే ఎన్నోసార్లు ఆడుకున్నాడు. అందరూ హరిశ్చంద్రుడిలాగా నిజమే చెబితే ఎంత బాగుంటుంది, ఎందుకు చెప్పకూడదు అని అనుకున్నాడు.

ఆ పిల్లవాడే గాంధీజీ. పెద్దయ్యాక ఆయన తన ఆత్మకథ రాశారు. అది 1925 నుంచి 1929 వరకు ఆయన పత్రికలో వారం వారం వచ్చింది. అందులో ఈ సంగతి చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు. హరిశ్చంద్రుడు నిజంగా బతికిన మనిషి కాకపోవచ్చు. అయినా తన వరకు హరిశ్చంద్రుడు ఇంకా బతికే ఉన్నాడు అన్నారు. శ్రవణకుమారుడి గురించి కూడా ఆయన ఇట్లాగే రాశారు. గుడ్డి తల్లిదండ్రులను కావడిలో మోసుకుపోయే ఆ బొమ్మను ఊరూరా తిరిగే బొమ్మలవాళ్ళు చూపిస్తే చూశారట.

గమనించండి. ఆ పిల్లవాడికి "అబద్ధం ఆడకు" అని పెద్దలు చెప్పే ఉంటారు. అందరి ఇళ్ళలో చెబుతారు. కానీ చెప్పిన మాటకంటే చూసిన మనిషి ఎక్కువ పని చేశాడు. ఆ చూసిన మనిషి కూడా వేషం వేసుకున్న నటుడే!

చంద్రమతిని ఎవరు అడిగారు?

హరిశ్చంద్ర నాటకం మన తెలుగు ఊళ్ళకు బాగా తెలుసు. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారు రాసిన నాటకం ఎన్నో ఊళ్ళలో రాత్రంతా ఆడేవారు. హార్మోనియం మోగేది. పద్యం బాగుంటే జనం "వన్స్ మోర్" అని అరిచేవారు. కాటి సీను వచ్చేసరికి నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో తిరునాళ్ళకు ఈ నాటకం ఆడుతున్నారు.

ఈ కథలో హరిశ్చంద్రుడు మాట తప్పడు. మాట కోసం రాజ్యం వదులుకున్నాడు. తర్వాత భార్యను, కొడుకును అమ్మేశాడు. చంద్రమతి ఒకరింట్లో దాసిగా పని చేసింది. కొడుకు పాము కరిచి చనిపోయాడు. ఆ బిడ్డను మోసుకుని ఆమె ఒక్కతే కాటికి వచ్చింది. కాటికాపరిగా ఉన్న భర్త సుంకం కట్టమన్నాడు.

మగవాళ్ళు ఈ నాటకం చూసి ఏం నేర్చుకున్నారు? మాట మీద నిలబడాలి అని నేర్చుకున్నారు. ఆడవాళ్ళు ఏం నేర్చుకున్నారు? మొగుడు అమ్మినా ఊరుకోవాలి, ఓర్చుకోవాలి అని నేర్చుకున్నారు. కథ ఒక్కటే. అందులో మగవాళ్ళకు దొరికింది వేరు. ఆడవాళ్ళకు దొరికింది వేరు. నిన్ను అమ్మనా అని చంద్రమతిని ఎవరూ అడగలేదు కదా అనే ప్రశ్న చాలా కాలం ఎవరికీ తట్టలేదు.

ఇది నాటకాన్ని తిట్టడం కాదు. అది గొప్ప నాటకమే. కానీ ఒక కథను వందసార్లు చూస్తే అందులో ఉన్నదే లోకం అనిపిస్తుంది. అక్కడే మనం కొంచెం ఆగి చూసుకోవాలి.

తిరగలి దగ్గర పుట్టిన కథలు

మరి ఆడవాళ్ళు ఎప్పుడూ వినేవాళ్ళేనా? వాళ్ళు కథలు చెప్పలేదా?

చెప్పారు. మన అమ్మమ్మలకు అక్షరం రాకపోవచ్చు. నోటికి పాట మాత్రం వచ్చు. పిండి విసిరేటప్పుడు, వడ్లు దంచేటప్పుడు, పెళ్ళిళ్ళలో, పేరంటాలలో రామాయణం పాడుకునేవారు. ఆ రామాయణంలో యుద్ధాలు తక్కువ. పురిటి నొప్పులు, సీమంతాలు, అత్తాకోడళ్ళ మాటలు, వదినా మరదళ్ళ సరసాలు ఎక్కువ. అంటే ఆడవాళ్ళకు తెలిసిన బతుకు.

'ఊర్మిళాదేవి నిద్ర' అని ఒక పాట ఉంది. ఊర్మిళ లక్ష్మణుడి భార్య. లక్ష్మణుడు అన్నగారి వెంట అడవికి పోయాడు. భార్యను ఇంట్లో వదిలేశాడు. ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రపోయింది. లక్ష్మణుడు తిరిగివచ్చి ఆమె గదిలోకి పోయి లేపాడు. ఆమె అతన్ని గుర్తుపట్టలేదు. ఎవడో పరాయి మగవాడు వచ్చాడని అనుకుంది. మా నాన్నకు తెలిస్తే నీ పని పడతాడని బెదిరించింది. పరాయి ఆడదాని జోలికి పోయినవాళ్ళు ఏమయ్యారో చెప్పి బుద్ధి చెప్పింది. లక్ష్మణుడు తను ఎవరో చెప్పుకోవలసి వచ్చింది.

పెద్ద పుస్తకాలలో ఊర్మిళకు చోటు చాలా తక్కువ. ఈ పాటలో మాత్రం ఆమెదే కథ. ఆమె కోపానికి, ఆమె ఒంటరితనానికి ఆడవాళ్ళు చోటు పెట్టారు.

ఇంకో పాటలో సీతమ్మకు పనులన్నీ ముగిసేసరికి పొద్దుపోయింది. రాముడు గదికి గడియ పెట్టేసుకున్నాడు. ఎంత పిలిచినా తీయలేదు. సీతమ్మ పోయి అత్త కౌసల్యకు చెప్పింది. కౌసల్య వచ్చి కొడుకును మందలించింది. దేవుడైనా సరే, తల్లి చేత చీవాట్లు తిన్నాడు! ఆ పాట పాడుకునే కోడలికి ఎంత ఊరట కలిగి ఉంటుందో ఆలోచించండి. పగలంతా పని చేసి అలసి వచ్చినప్పుడు తలుపు వేసి ఉంటే ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. "నా సంగతి సీతమ్మకు కూడా జరిగింది. అయితే తప్పు నాది కాదు" అని ఆమె అనుకోగలదు.

కథ చేసే మొదటి పని ఇదే. మన బాధ మన ఒక్కరిదే కాదని చెబుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు "నా ఖర్మ" అనుకుంటాం. కథలో చూసినప్పుడు "ఇట్లా జరుగుతుంది" అనుకుంటాం. నలుగురితో కలిసి చూసినప్పుడు "ఇట్లా ఎందుకు జరగాలి" అనుకుంటాం. ఈ మూడో మాట దాకా రావటానికి ఒక్కోసారి చాలా ఏళ్ళు పడుతుంది.

తెర మీద బొమ్మ

నాటకం తర్వాత సినిమా వచ్చింది. నాటకంలో రాముడు మన ఊరివాడే. పొద్దున్నే బీడీ తాగుతూ కనిపిస్తాడు. సినిమాలో రాముడు అట్లా కాదు. ఎక్కడో ఉంటాడు, ఎంతో పెద్దగా కనిపిస్తాడు. అందుకే సినిమా మనుషుల పట్టు ఇంకా ఎక్కువ.

ఎన్.టి. రామారావుగారు 1957లో 'మాయాబజార్'లో కృష్ణుడు. 1963లో 'లవకుశ'లో రాముడు. ఆయన బొమ్మ ఉన్న క్యాలెండర్లను జనం దేవుడి గూట్లో పెట్టుకున్నారు. తిరుపతి యాత్రకు పోయినవాళ్ళు మద్రాసు దాకా బస్సులో పోయి ఆయన ఇంటి ముందు నిలబడేవారు. ఆయనను చూశాకే యాత్ర ముగిసిందని అనుకునేవారు. 1982లో ఆయన పార్టీ పెట్టారు. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఓటు వేసినవాళ్ళు పార్టీని చూశారా, మనిషిని చూశారా, కృష్ణుడిని చూశారా? మూడూ కలిసిపోయాయి. విడదీసి చెప్పటం కష్టం.

'లవకుశ'లో సీతగా వేసింది అంజలీదేవి. ఆమెను చూసి సీతమ్మతల్లి అని దండం పెట్టినవాళ్ళు ఉన్నారు. ఆమె ఒక నటి. తన పని తాను చేసింది. కానీ తెర మీద ఆమె పడిన కష్టం చూసి, ఎంత కష్టపడితే అంత గొప్ప ఇల్లాలు అనే లెక్క ఎన్ని ఇళ్ళలో బలపడిందో ఎవరూ కొలవలేదు.

ఇప్పుడు 'దేవదాసు' సంగతి చూద్దాం. శరత్ చంద్ర చటర్జీ అనే బెంగాలీ రచయిత రాసిన నవల అది. 1917లో అచ్చయింది. 1953లో తెలుగు సినిమాగా వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు దేవదాసు, సావిత్రి పార్వతి. ప్రేమించిన పిల్లను పెళ్ళి చేసుకోలేక దేవదాసు తాగుతాడు. తాగి తాగి చనిపోతాడు. జనం అతని కోసం ఏడ్చారు. నటన అంత బాగుంది. చివరికి ఆ పేరు మన మాటల్లో ఒక మాట అయిపోయింది. ఎవడన్నా దిగులుగా తాగుతుంటే "దేవదాసు అయిపోయాడు" అంటాం.

ఆ మాటలో కోపం లేదు, జాలి ఉంది. తాగేవాడి గుండెలో ఏదో బాధ ఉంది కాబోలు అనే జాలి. కథలో దేవదాసు ఒంటరివాడు. అతనికి పెళ్ళాం లేదు. పిల్లలు లేరు. బియ్యం డబ్బా ఖాళీ అయిందా లేదా అని చూసుకోవలసిన పని లేదు. జమీందారు కొడుకు. మన ఊళ్ళో తాగేవాడికి ఇవన్నీ ఉన్నాయి. అతను కూలి డబ్బులతో తాగుతాడు. రాత్రి ఇంటికి వచ్చి తలుపు తన్నుతాడు. మరి అతనికి కూడా దేవదాసు జాలి ఎందుకు ఇవ్వాలి? సినిమాలో కనిపించని ఆ తలుపు లోపలి మనిషి సంగతి ఏంటి?

ఇట్లాంటిదే ఇంకొకటి ఉంది. చాలా సినిమాల్లో హీరో ఒక అమ్మాయి వెంట పడతాడు. ఆమె వద్దంటుంది. తిడుతుంది. అతను వదలడు. బస్టాపు దగ్గర నిలబడతాడు. కాలేజీ దాకా వస్తాడు. పాట పాడతాడు. చివరికి ఆమె ఒప్పుకుంటుంది. హాల్లో అందరూ చప్పట్లు కొడతారు. ఇది వందసార్లు చూసిన కుర్రవాడు ఏమనుకుంటాడు? "వద్దు అంటే అవును అని అర్థం. ఇంకొంచెం వెంట పడాలి" అనుకుంటాడు. ఇది వందసార్లు చూసిన ఆడపిల్ల ఏమనుకుంటుంది? భయం వేసినా, "ఇదే ప్రేమేమో" అనుకుంటుంది. నిజానికి వద్దన్నా వెంటపడటం నేరం. 2013లో చట్టం మార్చి దీన్ని స్పష్టంగా నేరాల్లో చేర్చారు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో కూడా 78వ సెక్షన్ దీని గురించే. మీ ఇంట్లో ఎదిగిన పిల్ల ఉంటే ఈ సంగతి చెప్పండి. తమ్ముడికి, అన్నకు కూడా చెప్పండి.

అన్ని సినిమాలూ ఒకటే కాదు. 1990లో 'కర్తవ్యం' సినిమా వచ్చింది. విజయశాంతి పోలీసు అధికారిగా వేసింది. ఆమె లాఠీ పట్టుకుంది. పెద్దవాళ్ళను ఎదిరించింది. ఆ పాత్రకు ఆమెకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఆడమనిషి ఖాకీ బట్టలు వేసుకుని జీపు దిగితే ఎట్లా ఉంటుందో ఎన్నో ఊళ్ళు మొదట ఆ తెర మీదే చూశాయి. అంతకు ముందు చాలా ఏళ్ళ క్రితమే, 1972లోనే, కిరణ్ బేడీ ఐపీఎస్ ఉద్యోగంలో చేరారు. దేశంలో ఆ ఉద్యోగం చేసిన మొదటి మహిళ ఆమె. నిజం మనిషి ముందు వచ్చింది. తెర మీద బొమ్మ తర్వాత వచ్చింది. కానీ మారుమూల ఊరికి బొమ్మే ముందు చేరింది.

మరియ అనే పనిమనిషి

దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశం ఉంది. మనకు చాలా దూరం. అక్కడ 1969లో టీవీలో ఒక సీరియల్ మొదలైంది. దాని పేరుకు 'ఉత్త మరియ' అని అర్థం చెప్పుకోవచ్చు.

మరియ పల్లెటూరి పిల్ల. బతుకుతెరువు కోసం లిమా పట్నానికి వచ్చింది. గొప్పవాళ్ళ ఇంట్లో పనిమనిషిగా చేరింది. ఒక డబ్బున్న కుర్రవాడు ఆమెను మోసం చేశాడు. బిడ్డను ఎత్తుకుని ఆమె ఒంటరిగా నిలబడింది. రాత్రి బడికి పోయి చదవటం, రాయటం నేర్చుకుంది. కుట్టుమిషను నేర్చుకుంది. మెల్లగా పైకి వచ్చింది.

ఆ సీరియల్ చూసినవాళ్ళలో పనిమనుషులు చాలామంది. గిన్నెలు తోముతూ, యజమానురాలి వెనక నిలబడి చూసేవారు. చూసి వాళ్ళు ఏడ్చి ఊరుకోలేదు. "మాకూ రాత్రి బడికి పోయే తీరిక ఇవ్వండి" అని యజమానులను అడిగారు. కుట్టు నేర్పే క్లాసులు నిండిపోయాయి. కుట్టుమిషన్ల అమ్మకాలు బాగా పెరిగాయి. సీరియల్‌లో మరియకు, ఆమెకు చదువు చెప్పిన పంతులుగారికి పెళ్ళి జరిగే రోజు వచ్చింది. ఆ సీను తీస్తున్న చర్చి బయట వేలమంది జనం పోగయ్యారు. సొంత చెల్లెలి పెళ్ళికి వచ్చినట్టు మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. కానుకలు కూడా తెచ్చారు!

ఇది చూసి మెక్సికో దేశంలో మిగ్యుయేల్ సబీదో అనే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. కథ అనుకోకుండానే ఇంత పని చేస్తే, కావాలని రాస్తే ఎంత పని చేస్తుంది? 1975లో ఆయన ఒక సీరియల్ తీశారు. దాని పేరుకు 'నాతో రా' అని అర్థం. అందులో పెద్ద వయసువాళ్ళు బడిలో చేరి అక్షరాలు నేర్చుకుంటారు. ఆ సీరియల్ వచ్చిన కాలంలో మెక్సికోలో వయోజన విద్య తరగతుల్లో 8 లక్షల మందికి పైగా చేరారు. అంతకు ముందు ఏడాదికంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. సిగ్గుపడి ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళు "ఆ ముసలాయనకు సిగ్గు లేనప్పుడు నాకెందుకు" అనుకుని ఉంటారు. ఈ వయసులో పలక పట్టుకోవటం ఎంత కష్టమో ఈ పుస్తకం చదువుతున్నవారికి వేరే చెప్పాలా?

మరియ కథలో ఒక మెలిక కూడా ఉంది. చివరికి ఆమె గొప్పింటి ఆడవాళ్ళకు బట్టలు కుట్టి పెద్ద ధనవంతురాలు అవుతుంది. మిషను కొన్న ప్రతి ఆడదీ అట్లా కాలేదు. కాదు కూడా. కుట్టుపని వస్తే నాలుగు డబ్బులు చేతికి వస్తాయి. మేడలు రావు. కథ దారి చూపిస్తుంది. దారిలో ఖర్చు ఎంతవుతుందో చెప్పదు. అప్పు చేసేముందు ఆ లెక్క మనమే వేసుకోవాలి.

సీతమ్మ ఎవరు?

ఇప్పుడు మన నేలకు వద్దాం. ఈ కథ అన్నిటికంటే మనకు దగ్గరది.

నెల్లూరు జిల్లాలో 1990, 1991 సంవత్సరాల్లో అక్షరాస్యత ఉద్యమం జోరుగా జరిగింది. ఊరూరా కళాజాతలు తిరిగాయి. పాటలు పాడారు. వీధి నాటకాలు వేశారు. సాయంత్రం కూలి పని ముగించుకుని, ఇంత వండిపెట్టి, ఆడవాళ్ళు లాంతరు వెలుగులో కూర్చుని చదివారు. వాళ్ళకు ఇచ్చిన వాచకంలో ఉత్త అక్షరాలే లేవు. బతుకులో ఉన్న సంగతులు ఉన్నాయి. అందులో 'సీతమ్మ కథ' అనే పాఠం ఒకటి. సారా వల్ల పేద ఇల్లు ఎట్లా పాడవుతుందో, ఆ ఇంటి ఆడమనిషి ఎంత బాధ పడుతుందో ఆ పాఠం చదివినవాళ్ళు మాట్లాడుకున్నారు.

సీతమ్మ ఏ ఊరి మనిషి? ఏ ఊరి మనిషీ కాదు. ఆమెకు రేషను కార్డు లేదు. ఓటరు లిస్టులో ఆమె పేరు లేదు. వాచకం రాసినవాళ్ళు అల్లిన మనిషి ఆమె. కానీ చదువుతున్న ప్రతి ఊళ్ళోనూ ఒక సీతమ్మ కూర్చుని ఉంది. కూడబలుక్కుని ఒక్కో అక్షరం చదువుతుంటే తన సంగతే తనకు కనిపించింది.

ఆ రోజుల్లో సారా సంగతి ఎట్లా ఉండేదో పెద్దవాళ్ళను అడగండి. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వ సారా ప్యాకెట్లలో వచ్చింది. ప్యాకెట్టు కాబట్టి ఎక్కడికైనా తేలికగా చేరేది. ఊళ్ళో మంచినీళ్ళ పంపు లేకపోయినా సారా దొరికేది. మగవాడి కూలి అక్కడే పోయేది. పెళ్ళాం కూలి కూడా లాక్కునేవాడు. ఇవ్వకపోతే దెబ్బలు. ప్రభుత్వానికి సారా వేలం పాటల వల్ల చాలా ఆదాయం వచ్చేది. అంటే ఆ ఆడవాళ్ళు దెబ్బలు తిన్న డబ్బు ఖజానాకు కూడా చేరుతోందన్నమాట.

ఇదంతా వాళ్ళకు ముందు తెలియదా? తెలుసు. తెలియకేం, రోజూ పడుతున్నదే. కానీ ఎవరి ఇంట్లో వాళ్ళు ఏడ్చేవారు. బయటికి చెబితే పరువు పోతుందని ఊరుకునేవారు. పొద్దున్న ముఖం వాచి ఉంటే "గడప తగిలింది" అనేవారు. పక్కింటామెకు నిజం తెలుసు. ఆమె ఇంట్లో కూడా అదే గడప ఉంది.

పాఠంలో సీతమ్మ పేరు పెట్టి మాట్లాడటం తేలిక. "నా మొగుడు కొట్టాడు" అనలేని ఆడది "సీతమ్మకు ఇట్లా జరగటం అన్యాయం" అని నలుగురిలో అనగలదు. ఆ మాట అన్నాక పక్కన ఉన్న ఆమె తలెత్తి చూస్తుంది. ఇంకొకామె "మా ఇంట్లో అంతే" అంటుంది. అప్పుడు సీతమ్మ పక్కకు జరిగిపోతుంది. సొంత పేర్లు బయటికి వస్తాయి. మొగుడి గురించి మాట్లాడినవాళ్ళు సారాకొట్టు గురించి మాట్లాడటం మొదలుపెడతారు. మొగుడు ఒక్కడిని ఇంట్లో ఆపలేరు. కొట్టును మాత్రం అందరూ కలిస్తే ఆపవచ్చు.

దూబగుంటలో అదే జరిగింది. కలిగిరి మండలంలోని ఊరు అది. అక్కడి ఆడవాళ్ళు ఏకమై ఊళ్ళో సారా అమ్మకుండా ఆపారు. వాళ్ళలో ముందు నిలబడ్డ రోశమ్మ పేరు తర్వాత రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఊరి పేరే ఆమె ఇంటిపేరు అయిపోయింది. దూబగుంట రోశమ్మ అంటేనే జనానికి తెలుసు.

ఆ తర్వాత ఇంకొక మంచి పని జరిగింది. దూబగుంట సంగతిని మళ్ళీ పాఠంగా రాశారు. దాని పేరు 'ఆడవాళ్ళు ఏకమైతే'. అక్షరాలు వచ్చినవాళ్ళు చదువుకునే తర్వాతి పుస్తకంలో దాన్ని వేశారు. పక్క ఊళ్ళ ఆడవాళ్ళు అది చదివారు. చదవటం రానివాళ్ళు పక్కన కూర్చుని విన్నారు. "దూబగుంట వాళ్ళు చేస్తే మనం చేయలేమా?" అన్నారు. చీపుళ్ళు, కారం పొడి పట్టుకుని సారా జీపులకు అడ్డం నిలబడ్డారు. 1992లో సారా వేలం పాటలు జరగకుండా అడ్డుకున్నారు. అధికారులు పాట పెట్టటం, ఆడవాళ్ళు వచ్చి నిలబడటం, పాట వాయిదా పడటం. ఇట్లా ఎన్నో సార్లు జరిగింది. నెల్లూరు నుంచి ఈ ఉద్యమం మిగతా జిల్లాలకు పాకింది.

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. కోట్ల విజయభాస్కర రెడ్డి అప్పుడు ముఖ్యమంత్రి. 1994 ఎన్నికల్లో ఎన్.టి. రామారావు మద్యనిషేధం హామీ ఇచ్చి గెలిచారు. 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. తెర మీద కృష్ణుడిగా, రాముడిగా కనిపించిన మనిషి చేత ఆ సంతకం పెట్టించింది మాత్రం తెర మీద ఎప్పుడూ కనిపించని ఆడవాళ్ళు.

ఒక పాఠం చదివితేనే ఇదంతా అయిపోయిందని అనుకోకూడదు. కడుపు మంట ముందే ఉంది. చదువు కేంద్రం వల్ల నలుగురూ ఒకచోట కూర్చునే వీలు దొరికింది. స్వచ్ఛందంగా చదువు చెప్పేవాళ్ళు, జన విజ్ఞాన వేదికలాంటి సంఘాలు తోడు నిలిచాయి. కొన్నిచోట్ల దెబ్బలు తిన్నారు. కేసులు పెట్టించుకున్నారు. పని మానుకుని పోతే కూలి పోయింది. కథ అగ్గిపుల్లలాంటిది. ఎండుకట్టెలు ఉంటేనే మండుతుంది. కట్టెలు ఎన్నో ఏళ్ళుగా ఎండుతూ ఉన్నాయి.

గెలుపు కూడా అట్లాగే నిలిచిపోలేదు. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. దుకాణాలు మళ్ళీ వచ్చాయి. ఇప్పుడు సారా ప్యాకెట్టు బదులు సీసా వస్తోంది. తలుపు తన్నే చప్పుడు మాత్రం అదే.

రోశమ్మ 2016లో చనిపోయింది. ఆమెను చూడనివాళ్ళు, దూబగుంట ఎక్కడుందో తెలియనివాళ్ళు కూడా ఆమె పేరు విన్నారు. మొదటి పాఠంలో సీతమ్మ రాసినవాళ్ళ ఆలోచనలో పుట్టింది. రెండో పాఠంలో ఉన్న ఆడవాళ్ళు అట్లా కాదు. వాళ్ళకు ఇంటిపేర్లు ఉన్నాయి. వేలిముద్ర మానేసి నేర్చుకున్న సంతకాలు ఉన్నాయి. కలిగిరి మండలంలో అడిగితే వాళ్ళ ఊరికి దారి ఎవరైనా చెబుతారు.